టీ తాగండి, లారీ వెళ్లిపోయింది

రాత్రి పన్నెండు దాటాక రాజానగరం దగ్గర హైవే పక్క టీ బడ్డీ ముందు ఎప్పుడైనా నిలబడ్డారా? మీ ముందు నుంచి వెళ్లే లారీలో ఏముందో ఎప్పుడైనా అడిగారా?

పనసకాయలు. గుమ్మడికాయలు. కొబ్బరికాయలు. చేపల ట్రేలు.

వాటి కింద?

తెలీదని మాత్రం నాతో అనకండి. నర్సీపట్నం మీదుగా దిగి, తుని దగ్గర హైవే ఎక్కి, అన్నవరం సత్యదేవుడి కొండ కిందుగా కత్తిపూడి, జగ్గంపేట దాటి సరుకు వస్తుందని ఇక్కడి కిళ్లీ కొట్టువాడికి తెలుసు. మారేడుమిల్లి ఘాటీ దిగి రంపచోడవరం, గోకవరం మీదుగా ఇంకో దారి ఉందని మోటారు మెకానిక్కుకి తెలుసు. హౌరా-చెన్నై లైను మీద వెళ్లే బళ్లలో బ్యాగు ఒక బోగీలో, మనిషి ఇంకో బోగీలో ఉంటాడని రైల్లో పల్లీలు అమ్మేవాడికి తెలుసు. పేపర్లో ఫోటో వస్తూనే ఉంటుంది. బల్ల మీద ప్లాస్టరు చుట్టిన పొట్లాలు వరసగా. వెనక నిలబడ్డ పోలీసులు. ముందు ముసుగులేసి కూర్చోబెట్టిన ఇద్దరో ముగ్గురో కుర్రోళ్లు.

మీరు ఆ ఫోటో చూశారు. పేజీ తిప్పారు. సినిమా పేజీకి.

"మనకెందుకులెండి."

ఎందుకు కాదండీ? ఆ లారీ వెళ్లేది మీ ఊరి మీదుగా. అందులోంచి చిల్లరగా జారిపడేది మీ ఊళ్లో. జారిపడిన దాన్ని కాగితంలో చుట్టి పీల్చేది మీ పక్కింటి కుర్రోడు. మీ ఇంట్లో కుర్రోడు కాదని మీకు అంత నమ్మకం ఎక్కడిది?

చర్చ మాత్రం బ్రహ్మాండంగా చేస్తాం. పెళ్లిలో పూతరేకులు తిన్నాక, వక్కపొడి నములుతూ. "గంజాయిని కెనడాలో 2018లోనే చట్టబద్ధం చేసేశారండీ. జర్మనీలో 2024 నుంచి ఇంట్లో మొక్క పెంచుకోవచ్చు. మనమే వెనకబడ్డాం" అంటారొకాయన. ఆయనకి కాలిఫోర్నియాలో మేనల్లుడున్నాడు. (ఆ మేనల్లుడు వీసా మీద ఉన్నవాడైతే అక్కడి గంజాయి కొట్టు ఛాయలకు కూడా పోడు. రాష్ట్రం ఒప్పుకున్నా అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు. వీసా ఇంటర్వ్యూలో ఒక్క దమ్ము లాగానని ఒప్పుకున్నా చిక్కేనని వాడికి తెలుసు. మావయ్యకే తెలీదు.) "అబ్బే, సింగపూర్లోలాగా ఉరి తియ్యాలండీ ఒక్కొక్కణ్ణి" అంటారు ఇంకొకాయన. ఇద్దరూ తాంబూలం పుచ్చుకుని కార్లెక్కుతారు.

అయిపోయింది చర్చ.

ఈ ఇద్దరిలో ఒక్కరైనా రాజమండ్రి సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి వెళ్తూ, లోపల ఉన్నవాళ్లు ఎవరి పిల్లలో అడిగారా?

"నిషేధం ఉందిగా, ఇంకేం కావాలి?" అంటారు.

ఎక్కడుంది నిషేధం? కాగితం మీద 1985 నవంబర్ 14 నుంచి ఉంది. మాదకద్రవ్యాల మీద ఎన్‌డీపీఎస్ చట్టం ఆ రోజునే అమల్లోకి వచ్చింది. నలభై ఏళ్లు! ఇన్నేళ్ల నిషేధం తర్వాత, ఇక్కడ గంజాయి దొరకదని గుండె మీద చెయ్యేసి చెప్పగలిగిన వీధి మీ ఊళ్లో ఒక్కటుంటే చూపించండి. వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

2022 ఫిబ్రవరి 12 గుర్తుందా? అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి నిప్పెట్టారు. రెండు లక్షల కిలోలు. గ్రాముకో పొట్లం లెక్కన 20 కోట్ల పొట్లాలు. అది పట్టుబడిన సరుకు. మరి పట్టుబడనిదో? దానికి ముందు ఆపరేషన్ పరివర్తన అని పేరెట్టి మన్యంలో ఏడున్నర వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. మంచిదే. కానీ ఒక్క ప్రశ్న. ఏడున్నర వేల ఎకరాలు ఒక్క రాత్రిలో మొలిచాయా? నారు పోసినప్పుడు ఎవరూ చూడలేదా? నడుమెత్తు పెరిగినప్పుడు? మనిషెత్తు పెరిగి, పూత కట్టి, గాలికి వాసన కొట్టినప్పుడు? ఇక్కడ చేపల చెరువు గట్టు రెండడుగులు జరిగితే సర్వేయర్ని పిలుస్తారే, అక్కడ ఏడున్నర వేల ఎకరాలు ఏ కంటికీ ఆనలేదా?

మనం టీవీలో చూశాం. మంట బాగా లేచింది. ఛానల్ మార్చాం.

కొండ మీద నరికితే దారి ఆగిందా? సరిహద్దు దాటితే మల్కన్‌గిరి ఉంది, కోరాపుట్ ఉంది. తోట ఎక్కడున్నా సరుకు దిగే దారి మనదే.

చట్టబద్ధం చేస్తే అన్నీ సర్దుకుంటాయనే పెద్దమనిషికీ ఒక మాట. ఇదేదో అమెరికా నుంచి కొత్తగా దిగిన ఆలోచన అనుకుంటున్నారా? దొరల కాలంలో మన తెలుగు నేల మీదే గంజాయికి లైసెన్సు ఉంది. బాపట్ల తాలూకా దగ్గుబాడులో సర్కారు కనుసన్నల్లో సాగు, సంతరావూరులో గిడ్డంగి, దాని మీద సుంకం. 1893లో లండన్ పార్లమెంటులో గొడవైతే ఒక కమిషన్ వేశారు. అది దేశమంతా తిరిగి, వందల మంది సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్నేసి అదుపులో పెట్టండి అని తేల్చింది. దొరగారికి పన్ను కావాలి, ఆయన లెక్క ఆయనది. అయినా ఏడు సంపుటాల నివేదిక రాశాడు. ముందు అడిగాడు, తర్వాత తేల్చాడు.

మనం? అడగను కూడా అడగం.

కాశీ వెళ్లి గంగలో మునిగొచ్చిన మన యాత్రికులు అక్కడ లైసెన్సున్న భాంగ్ దుకాణం బోర్డు ముందు ఫోటో దిగి మరీ వస్తారు. అదే మొక్క. ఆకు ఒలిచి నూరితే చట్టం కళ్లు మూసుకుంటుంది. పూత గుత్తి కోస్తే చట్టం జైలు తలుపు తెరుస్తుంది. ఇది ఎందుకిలా ఉందో మీ ఊరి ఎంపీగారిని ఎప్పుడైనా అడిగారా? ఆయనకి తెలుసా అసలు?

సరే, ఇప్పుడు జైలు సంగతికొద్దాం.

20 కిలోలు. ఆ అంకె గుర్తుపెట్టుకోండి.

గంజాయి కిలో లోపు దొరికితే చిన్న మొత్తం. ఏడాది వరకు శిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం'. కనీసం పదేళ్లు. గరిష్ఠం ఇరవై. పైన లక్షకు తగ్గని జరిమానా. జడ్జిగారికి జాలేసినా పదేళ్లకి ఒక్క రోజు తగ్గించే అధికారం లేదు.

ఇప్పుడు లెక్కెయ్యండి. రెండేసి కిలోల పొట్లాలు పదకొండు. 22 కిలోలు. రెండు స్కూలు బ్యాగుల్లో పట్టేస్తాయి. జీకే వీధి వైపు నుంచో, పెదబయలు వైపు నుంచో వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రోడు. ఈ బ్యాగులు ఫలానా స్టేషన్లో ఫలానా వాడికి అందించెయ్, కొన్ని వేలిస్తాం అన్నారు. ఆ కొన్ని వేలు వాళ్లింట్లో ఎన్నాళ్ల కూలి? వాడు వచ్చాడు. పట్టుబడ్డాడు. మామూలు కేసుల్లో చార్జిషీటుకి 60 రోజులో 90 రోజులో గడువు. వీడి కేసులో 180 రోజులు. బెయిలు అడిగితే 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. వీడు నేరం చెయ్యలేదని నమ్మడానికి ఆధారముందని కోర్టుకి అనిపిస్తే తప్ప బెయిలు లేదు. ఎలాగోలా బెయిలు వచ్చిందే అనుకోండి, జామీను ఎవరిస్తారు? కొండ మీద పోడు చేసుకునే తండ్రి ఏ ఆస్తి కాగితం పట్టుకుని రాజమండ్రి కోర్టు మెట్లెక్కుతాడు?

ఆ తండ్రి బస్టాండులో పడుకుంటాడు. మీరు పక్కనుంచి వెళ్తారు.

మరి పెట్టుబడి పెట్టినవాడో?

వాడు పొట్లం ముట్టుకోడు. సిమ్ము వాడి పేరు మీద ఉండదు. కారు వాడి పేరు మీద ఉండదు. సరుకు బండికి ముందు కిలోమీటరు దూరంలో పైలట్ బండి నడుస్తుంది. చెకింగ్ కనబడితే వెనక్కి ఫోను. వాడు చెన్నైలోనో, కొచ్చిలోనో, బెంగళూరులోనో, లేదూ మీ ఊళ్లోనే మూడంతస్తుల మేడలోనో ఉంటాడు. ఆ మేడ గృహప్రవేశానికి మీరు వెళ్లారేమో. స్వీట్ బాక్సు బాగుందా?

వాడి కోసం చట్టంలో 27ఏ అని ఒక సెక్షన్ ఉంది. డబ్బు పెట్టి నడిపించేవాడికి పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్లు. దాని కథ వినండి. 2014లో చట్టం సవరిస్తూ ఒక నిర్వచనానికి నంబరు మార్చారు. ఆ నంబరు మీద ఆధారపడ్డ 27ఏలో మార్చడం మరిచిపోయారు. సెక్షన్ గాల్లో వేలాడింది. పార్లమెంటులో దాన్ని దిద్దడానికి ఏడేళ్లు పట్టింది. త్రిపుర హైకోర్టు చెప్పాక, 2021 చివర్లో. కూలికి మోసినవాణ్ణి బిగించే సెక్షన్లో అక్షరం పొల్లు పోలేదు. డబ్బు పెట్టినవాణ్ణి బిగించే సెక్షన్లోనే ముద్రారాక్షసం!

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు.

భీమవరంలో అల్లూరి సీతారామరాజుకి 30 అడుగుల కంచు విగ్రహం పెట్టుకున్నాం. 2022 జూలై 4న ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించారు. సెల్ఫీలు దిగాం. మా పక్క మోగల్లు వాళ్లేనండీ ఆయన వాళ్లు, అని మీసం దువ్వాం. ఆయన ఎవరికోసం చచ్చిపోయాడు? 1922 ఆగస్టు 22న ఆయన కొల్లగొట్టిన మొదటి పోలీస్ ఠాణా ఏది? చింతపల్లి. ఇవాళ చింతపల్లి అంటే మీకు ముందుగా గుర్తొచ్చేదేమిటి? చెప్పండి, సిగ్గుపడకండి. ఆయన వెంట నడిచిన మన్యంవాళ్ల మునిమనవలు ఇవాళ 22 కిలోల బ్యాగు మోసినందుకు పదేళ్లు పడి లోపలుంటే, ఆయన పేరు మీద జిల్లా పెట్టాం కదా అని చేతులు దులుపుకున్నాం.

మీకు కోపం రావడం లేదా? అయితే మొత్తం వినండి, ఒక్క గుక్కలో చెప్తాను.

గర్భిణిని డోలీ కట్టి మైళ్లకొద్దీ మోసుకొచ్చే కొండకి రోడ్డు పడదు కానీ గంజాయి కొనేవాడి జీపు మాత్రం ఏ గూడేనికైనా ఎక్కుతుంది, పసుపుకి అల్లానికి సంతలో దళారి చెప్పిందే ధర, కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు ఆగాలి, గంజాయికి ఆరేడు నెలలు చాలు, పైగా విత్తనం వాడిదే, ఎరువు వాడిదే, అడ్వాన్సు వాడిదే, కేసు మాత్రం గిరిజనుడిది, కింద ఊళ్లో కిళ్లీ కొట్టు మీద చుట్టుకునే కాగితాలు చాక్లెట్ల పక్కన వేలాడుతుంటాయి, తొమ్మిదో తరగతి కుర్రోడొచ్చి అడిగినా ఎందుకురా అని అడగడు కొట్టువాడు, రైలు పట్టాల పక్కన పాడుబడ్డ క్వార్టర్సులో, గోదావరి గట్టున చీకటి మెట్ల మీద, కొత్తగా వేసిన లేఅవుట్లలో రోజూ సాయంత్రం గుంపు చేరుతుందని వీధి వీధికీ తెలుసు, ఫిర్యాదు చేస్తే చేసినవాడి పేరు రాత్రికల్లా ఆ గుంపుకి తెలిసిపోతుందేమోనని భయం, హాస్టల్లో దొరికితే కాలేజీ వాళ్లు చప్పుడు కాకుండా టీసీ ఇచ్చి పంపిస్తారు, ఆ టీసీతో వాడు ఇంకో కాలేజీలో చేరతాడు, అడ్మిషన్లు దెబ్బతినకూడదని వాళ్ల బాధ, అమ్మాయి సంబంధం చెడకూడదని తల్లిదండ్రుల బాధ, వాడు ఇంట్లో ఫ్యాను విరగ్గొట్టి, తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి, చెల్లెలి మీద చెయ్యెత్తినా గ్రహాలు బాగోలేదని శాంతి చేయిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లరు, ఈలోగా వాడు బ్లేడ్ బ్యాచ్‌లో కలుస్తాడు, బ్లేడు చూపించి ఒంటరిగా నడిచేవాడి ఫోను లాక్కుంటాడు, ఎన్నికలొస్తే అదే బ్యాచ్ చేతికి జెండా ఇస్తారు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో కింద వరసలో వాళ్ల మొహాలే, పోలీసు వారం వారం రౌడీషీటర్లకి కౌన్సెలింగ్ అని ఫోటో వేయిస్తాడు, ఎమ్మార్వో బైండోవర్ కాగితం మీద సంతకం పెడతాడు, స్వామీజీ యువత పెడదారి పట్టిందని ప్రవచనం చెప్తాడు, సినిమా హీరో పొగ ఊదుతూ స్లో మోషన్లో నడిస్తే హాలంతా ఈల వేస్తుంది, తెర కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక పడుతుంది, మనం ఇంటికొచ్చి భోంచేసి పడుకుంటాం.

పడుకుంటాం! నిద్రెలా పడుతుందండీ?

"గంజాయి తాగితే ఎవడూ చావడు, అది ఆయుర్వేదంలో కూడా ఉంది" అని ఒక చదువుకున్న కుర్రోడు నాతో వాదించాడు. వాడితో కొంతవరకు ఒప్పుకుంటాను. సారా చంపినంతమందిని గంజాయి చంపదు. 2020 డిసెంబర్లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన వాటి జాబితాలోంచి తీసేస్తే భారతదేశం కూడా దానికి అనుకూలంగానే ఓటేసింది. మందుగా దాని ఉపయోగాలు దానికున్నాయి. నిజమే.

కానీ పదిహేనేళ్లవాడి మెదడు ఇంకా పచ్చిగా ఉంటుంది. పాతికేళ్ల వరకు అది కట్టుకుంటూనే ఉంటుంది. గంజాయి మొదలెట్టినవాళ్లలో పదిమందికొకడు దానికి బానిసవుతాడని డాక్టర్లు చెప్తారు. పదహారు పదిహేడేళ్లలోపే మొదలెడితే ఆరుగురికొకడు. చిన్న వయసులో, రోజూ, గాఢమైన సరుకు పీల్చేవాళ్లకి మతి చలించే ప్రమాదం ఎక్కువ. లేని గొంతులు వినబడతాయి. అన్నంలో విషం కలిపారని తల్లినే అనుమానిస్తారు. మన్యం శీలావతి రకం గంజాయికి దేశమంతా గిరాకీ ఎందుకనుకున్నారు? మత్తు ఎక్కువని.

తొమ్మిదో తరగతి పిల్లాడికి అది అందుతోంది. నిషేధం ఉండగానే అందుతోంది. ఇక చట్టబద్ధమా నిషేధమా అని పెళ్లిపందిట్లో వాదించుకుని ఏం లాభం?

అయినా అడుగుతున్నారు కాబట్టి నా మాట చెప్తాను.

గంజాయి కొట్లు తెరవమని నేను చచ్చినా అనను. ఎందుకంటే మందు సంగతి చూశాను. మీరూ చూశారు. 1995లో ఆడవాళ్ల ఉద్యమానికి తలొగ్గి మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. 2019లో ప్రభుత్వమే కొట్టు తెరిచి తనే అమ్మింది. 2024 అక్టోబర్లో మళ్లీ ప్రైవేటు. 3,396 కొట్లకి 90 వేల దాకా దరఖాస్తులు, వెనక్కివ్వని ఆ దరఖాస్తు ఫీజుల మీదే ఖజానాకి 1,800 కోట్ల దాకా. 99 రూపాయలకే క్వార్టరు ఇచ్చామని గొప్పగా చెప్పుకున్నారు. తాగేవాడి పేగుల మీద బడ్జెట్ వేసుకున్న సర్కారు చేతికి గంజాయి కూడా ఇస్తే ఏమవుతుందో ఊహించండి. గ్రామానికో కొట్టు, టార్గెట్లు, పక్క జిల్లాతో పోటీ. థాయిలాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచింది. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని మళ్లీ బిగించుకోవాల్సి వచ్చింది.

కానీ ఇప్పుడున్న నిషేధాన్ని కాపాడండి అని కూడా నేను అనను. ఏముందని కాపాడాలి? జంగారెడ్డిగూడెం మరిచిపోయారా? 2022 మార్చిలో ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలి చనిపోయారు. నాటుసారా అన్నారు కుటుంబాల వాళ్లు. సహజ మరణాలంది అప్పటి ప్రభుత్వం. నిషేధించిన సారా మీద కూడా మనకున్న శ్రద్ధ అంతే.

పీల్చేవాణ్ణి జైల్లో వెయ్యకండి. ఇదీ నేననేది. వాడు రోగి. పోర్చుగల్ 2001 నుంచి సొంతానికి కొద్దిగా ఉంచుకున్నవాణ్ణి నేరస్తుడిగా చూడడం మానేసింది. అమ్మేవాణ్ణి వదల్లేదు, వాడేవాణ్ణి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. అంత దూరం పోనక్కర్లేదు. మన చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. చిన్న మొత్తంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను వైద్యానికి వస్తానంటే వాడి మీద కేసు నడపక్కర్లేదు. 39వ సెక్షన్ ప్రకారం కోర్టు వాణ్ణి జైలుకి బదులు వైద్యానికి పంపొచ్చు. ఈ సంగతి మీకెవరైనా చెప్పారా? మీ వీధిలో పట్టుబడ్డ కుర్రోడి తల్లికి చెప్పారా? ఆవిడ దగ్గర డబ్బు గుంజిన మనిషి మాత్రం ఇది చెప్పి ఉండడు.

కూలికి మోసిన గిరిజన కుర్రోడికీ, కోట్లు తిన్నవాడికీ ఒకే పదేళ్లు అనే చట్టాన్ని మార్చమనండి. జడ్జి చేతికి కాస్త వెసులుబాటు ఇమ్మనండి. పైనున్నవాడి బ్యాంకు ఖాతా వెతకమనండి. ఇవి అడగడానికి ఏం రోగం మనకి?

2019లో ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వే బయటికొచ్చింది. ఏడాదిలో గంజాయో, భాంగో, చరసో వాడినవాళ్లు 3 కోట్ల 10 లక్షల మంది. మూడు కోట్ల మందిని ఏ జైల్లో పెడతారు? రాజమండ్రి జైలు ఎన్ని అంతస్తులు లేపుతారు?

2024 నవంబర్లో ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టారు. 1972కి ఫోను చెయ్యమన్నారు. 'డ్రగ్స్ వద్దు బ్రో' అని బ్యానర్లు కట్టారు. పిల్లలు ర్యాలీ తీశారు, ఎండలో. నేను వెక్కిరించడం లేదు, ఆ దళంలో పనిచేసేవాళ్లు ప్రాణాలకి తెగించి బళ్లు ఆపుతున్నారు. కానీ బ్రో కాస్తా వద్దన్నాడే అనుకోండి, ఎక్కడికెళ్లాలి? మీ మండలంలో మానెయ్యడానికి సాయం చేసే డాక్టరున్నాడా? మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వ్యసనం గురించి పావుగంట కూర్చుని మాట్లాడే మనిషున్నాడా? మీ హైస్కూల్లో కౌన్సిలరున్నాడా, లేక డ్రిల్లు మాస్టారికే ఆ పని కూడా అప్పగించారా?

లేడు కదా. అడిగారా మరి?

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. ఘాట్లకి రాళ్లు మారుస్తారు, రంగులేస్తారు, లైట్లు పెడతారు. కోట్లు మంజూరవుతాయి. దానికోసం మీటింగుకి పిలవకపోయినా వెళ్తారు మీరు, మా వీధి మీదుగా రోడ్డు వెడల్పు చెయ్యొద్దని. కాంట్రాక్టు ఎవరికొచ్చిందో, ఎంతకొచ్చిందో పైసలతో సహా చెప్పగలరు. సంక్రాంతికి ఏ బరిలో ఏ పుంజు మీద ఎంత పందెం కాశారో చెప్పగలరు. వరి క్వింటాలు ధర, రొయ్య కౌంటు ధర, అమెరికాలో సంబంధం ధర, అన్నీ చెప్పగలరు.

మీ వీధి చివర పొట్లం ధరెంతో చెప్పగలరా? మీ పిల్లాడు చెప్పగలడేమో అడిగి చూడండి.

కోపం నా మీద వస్తోందని తెలుసు. రానివ్వండి. "ఈయన గంజాయి తాగేవాళ్లని వెనకేసుకొస్తున్నాడు" అని ఒకరంటారు. "గిరిజనులకి వకాల్తా పుచ్చుకున్నాడు" అని ఇంకొకరంటారు. అనండి. మీరు ఏదో ఒకటి అనడమే నాక్కావాలి. ఈ డెల్టా అంతా నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుందని కదా నా ఏడుపు.

కోర్టులో విచారణ బహిరంగమే. ఎవరైనా లోపలికెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు, టిక్కెట్టు లేదు. రేపు పొద్దున్న పదిన్నరకి రాజమండ్రి కోర్టుకి రండి. గంజాయి కేసు పిలిచినప్పుడు బోనులోకి ఎవరొస్తారో చూడండి. వాడి చెప్పులు చూడండి, వాడి ఊరి పేరు వినండి, వాడి తరఫున వకీలున్నాడో లేదో చూడండి. పెట్టుబడి పెట్టినవాడి పేరు ఆ కాగితాల్లో ఎక్కడైనా ఉందేమో ప్లీడరుగారిని అడగండి. అప్పుడు రండి నాతో వాదనకి, చట్టబద్ధం చెయ్యాలో, ఉరి తియ్యాలో.